బట్టకు పట్టని రంగు

పూల డిజైన్ అచ్చయిన నూలు గుడ్డ ప్రింటింగ్ మిషన్ దిగేసరికి పని సగమే అయినట్టు. ఇంకా దాన్ని ఆరబెట్టాలి, ఆవిరి పెట్టాలి, ఆపైన వరసగా ఉన్న తొట్లలో ముందు చన్నీళ్లు, తర్వాత వేన్నీళ్లు, చివరికి మరుగుతున్న సబ్బు నీళ్లతో కడగాలి. మొదటి తొట్టిలోంచి బయటికొచ్చే నీళ్లు చూస్తే, ఇంత రంగు పోయాక గుడ్డ మీద ఇంకేం మిగిలిందా అనిపిస్తుంది. పోగుతో రసాయన బంధం కట్టుకునే రియాక్టివ్ రంగులతో చేసే మామూలు అద్దకంలో వాడిన రంగులో 20 నుంచి 30 శాతం దాకా గుడ్డకు పట్టదు. పట్టనిదంతా ఆ తొట్లలోకే దిగాలి.

అద్దకం పరిశ్రమ చేసే హాని గురించి మాట్లాడినప్పుడు అందరి చూపూ గుడ్డ మీదున్న రంగు వైపే పోతుంది. అది సహజమైనదా, రసాయనమా, ఒంటికి పడుతుందా అన్నవే ప్రశ్నలు. అడగాల్సినవే. కానీ హాని లెక్క తేలేది గుడ్డ మీద ఉన్నదానితో కాదు, గుడ్డను వదిలి పోయినదానితో. పోయింది నీటిలోకా, గాలిలోకా, చెత్తకుప్పలోకా అని వెంటపడి చూస్తే, ‘గ్రీన్’ అని పేరుపెట్టి అమ్మే పద్ధతుల్లో ఏది నిజంగా భారం దించుతోందో, ఏది ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మారుస్తోందో తెలుస్తుంది.

రంగు ఎందుకు పట్టదో ముందు చూద్దాం. 1950ల దాకా నూలు మీద వేసిన చాలా రంగులు పోగులో చిక్కుకునో, పైపైన అంటుకునో ఉండేవి. బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీలో రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు పోగుతో నేరుగా రసాయన బంధం కట్టుకునే ఈ రియాక్టివ్ రంగుల్ని కనిపెట్టారు. 1956లో అవి ప్రోసియాన్ పేరుతో మార్కెట్లోకి వచ్చాయి. వీటి అణువుకు ఒక చివర కొక్కెం లాంటి భాగం ఉంటుంది. క్షారం తగిలి, వేడి అందగానే అది నూలులోని సెల్యులోజ్‌ను పట్టుకుంటుంది. ఆ పట్టు గట్టిది. ఎన్ని ఉతుకులకైనా రంగు అంత తేలిగ్గా దిగదు.

చిక్కల్లా ఆ కొక్కేనికి పోగుకూ నీటికీ తేడా తెలియకపోవడం. పక్కన నీటి అణువు దొరికితే దాన్నే పట్టేసుకుంటుంది. ఒకసారి నీటితో కలిశాక ఆ అణువు చూడ్డానికి అదే ఎరుపు, అదే నీలం, కానీ ఇక దేన్నీ పట్టుకోలేదు. పోనీ తేలిగ్గా కొట్టుకుపోతుందా అంటే అదీ కాదు. నూలు మీద దానికి కొంత మమకారం మిగిలే ఉంటుంది. పోగుల మధ్య నక్కి కూర్చుని, కొన్నవాళ్ల ఇంట్లో మొదటి ఉతుకులో పక్కనున్న తెల్ల భాగానికి అంటుకుంటుంది. అందుకే మిల్లులో దాన్ని మరిగే నీళ్లతో మళ్లీ మళ్లీ కడగాల్సి వస్తుంది. రియాక్టివ్ అద్దకంలో ఖర్చయ్యే నీరూ వేడీ చాలావరకు రంగు వేయడానికి కాదు, పట్టని రంగును వదిలించడానికే పోతాయి.

ఇక రంగు ఒక్కటే గుడ్డ మీదికి రాదు, ముద్దగా వస్తుంది. పల్చగా ఉంటే గీత చెదిరిపోతుంది కాబట్టి చిక్కదనం కోసం సోడియం ఆల్జినేట్ కలుపుతారు. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే జిగురు ఇది. చవగ్గా దొరికే గంజిపిండి ఎందుకు వాడరంటే, రంగు గంజితోనే బంధం కట్టేసుకుని గుడ్డను అట్టలా చేస్తుంది. ఆల్జినేట్‌కు రుణావేశం ఉంది, రంగుకూ ఉంది, రెండూ ఒకదాన్నొకటి దూరం పెట్టుకుంటాయి. క్షారం కోసం సోడా వేస్తారు. ఆ తర్వాత యూరియా, పొలంలో చల్లేదే. ఆవిరి గదిలో తేమను పట్టి ఉంచి, రంగును కరిగించి, పోగు లోపలికి దారి చేస్తుంది. కిలో ముద్దలో 100 నుంచి 200 గ్రాముల దాకా ఉంటుంది, అంటే రంగు కంటే ఎక్కువే. దాని పని ఆవిరి గదిలో ఆ కొద్ది నిమిషాలతోనే సరి. కడుగులో దాదాపు మొత్తం నీటిలోకి పోతుంది. నత్రజని ఎరువు చెరువులో కలిస్తే ఏమవుతుందో తెలిసిందే. పాచి విపరీతంగా పెరుగుతుంది, అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ హరించుకుపోతుంది. నీటికి రంగు లేకపోయినా చేపకు ఊపిరాడదు.

శుద్ధి చేసి వదిలితే సరిపోదా? కొంతవరకే. నిలిచే గుణం కోసమే తయారుచేసిన రంగులు ఇవి. ఎండకు, సబ్బుకు తట్టుకునేది మామూలు శుద్ధి తొట్టిలోని బ్యాక్టీరియాకు ఎందుకు లొంగుతుంది? లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్నా చాలా రంగులు కంటికి కనిపిస్తాయి, నీటి అడుగుకు పోయే వెలుతురును అడ్డుకుంటాయి. వాడుకలో ఉన్న రంగుల్లో సగానికి పైగా ఆజో రకానివి, అంటే రెండు నత్రజని పరమాణువుల జోడీ చుట్టూ అల్లినవి. గాలి తగలని తొట్టిలో కొన్ని బ్యాక్టీరియాలు ఆ జోడీని తెంపుతాయి. వెంటనే నీళ్లు తేటపడతాయి. ఫొటోకు బాగుంటుంది కూడా. కానీ తెగిన ముక్కలు ఆరోమాటిక్ అమీన్లు. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. ఆ నీటిని మళ్లీ గాలి ఆడే తొట్టిలో పెట్టి ఆ అమీన్లను కూడా విరగ్గొడితేనే శుద్ధి అయినట్టు. ఇలాంటి అమీన్లను ఇచ్చే రంగుల మీద యూరోపియన్ యూనియన్ 2002లో ఆంక్ష పెట్టింది. 22 అమీన్ల జాబితా వేసి, ఒంటికి తగిలే బట్టలో ఒక్కొక్కటీ కిలోకు 30 మిల్లీగ్రాములు మించకూడదంది.

ఓజోన్ పట్టించడం, పొరల గుండా వడకట్టడం, చివరికి నీటినంతా ఆవిరి చేసి చుక్క కూడా బయటికి వదలకపోవడం లాంటి పద్ధతులు ఉన్నాయి. పనిచేస్తాయి. నీటిని ఆవిరి చేయడానికి మాత్రం బోలెడు ఇంధనం కావాలి, అడుగున మిగిలిన ఉప్పు బురదను ఎక్కడో దాచాలి. వచ్చిన మురికిని వదిలించడం కంటే మురికి రాకుండా చూసుకోవడమే చవక, నా లెక్కలో అదే అసలు పని. అందుకు బాగా పనికొచ్చేవి గొప్పగా చెప్పుకునేలా ఉండవు.

ఒక ఉదాహరణ. రోటరీ స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు స్క్రీన్ అనే ఒక్కో నికెల్ గొట్టం ఉంటుంది. దాని గోడంతా సన్నని రంధ్రాలు. లోపలికి పైపు ద్వారా ముద్ద పంపుతుంటారు, గొట్టం తిరుగుతుంటే అది గుడ్డ మీదికి దిగుతుంది. ఆర్డరు అయిపోయాక పంపులో, పైపులో, గొట్టం లోపల కొన్ని కిలోల ముద్ద మిగిలిపోతుంది. ఇప్పుడు లెక్క వేద్దాం. మీటరున్నర వెడల్పుతో వంద మీటర్ల గుడ్డ అంటే 150 చదరపు మీటర్లు. అందులో ఒక చిన్న ఎర్ర పువ్వు ఐదు శాతం జాగా ఆక్రమిస్తే ఏడున్నర చదరపు మీటర్లు. చదరపు మీటరుకు వంద గ్రాముల ముద్ద పడుతుందనుకుంటే, గుడ్డ మీదికెక్కిన ఎరుపు ముద్ద ముప్పావు కిలో. పైపులో మిగిలింది దానికి కొన్ని రెట్లు! పాత పద్ధతిలో అదంతా నీళ్లు కొట్టి కడిగేయడమే.

దీనికి మందు చాలా మామూలుది. సన్నటి పైపులు వాడతారు. పని కాగానే పైపులోకి ఒక బంతి వేసి, గాలి ఒత్తిడితో వెనక్కి నెట్టి, ముద్దను మళ్లీ డబ్బాలోకి తెస్తారు. తెచ్చినదాన్ని తూకం వేసి, అందులో ఏ రంగులెంత ఉన్నాయో కంప్యూటర్లో రాసిపెట్టుకుంటారు. రేపు ముదురు గోధుమరంగో నలుపో కలపాల్సి వచ్చినప్పుడు దాన్ని అందులో సర్దేస్తారు. తొట్ల వరసలో మంచినీటిని చివరి తొట్టిలో మాత్రమే పోసి, గుడ్డకు ఎదురుగా ఒక్కో తొట్టి వెనక్కి పారిస్తే, అదే నీరు ఎన్నోసార్లు పనికొస్తుంది. తేటగా ఉన్న నీరు శుభ్రమైన గుడ్డకు, మురికి నీరు మురికి గుడ్డకు. ఆవిరి గదికి పంపే ముందు గుడ్డ మీద నురగ రూపంలో కొలత ప్రకారం తేమ పట్టిస్తే యూరియా చేసే పనిని నీరే చేసిపెడుతుంది. నూలు గుడ్డకైతే యూరియాను పూర్తిగా మానేసే వీలూ ఉంది. అణువుకు ఒకటికి రెండు కొక్కేలున్న రంగులూ వచ్చాయి. ఒకటి నీటిపాలైనా రెండోది పోగును పట్టుకుంటుంది, పట్టే శాతం 80, 90 మధ్యకు చేరుతుంది. ఇవేవీ కొత్త ఆవిష్కరణలని పత్రికల్లో రావు.

అసలు కడగడమే వద్దనుకుంటే పిగ్మెంట్ ప్రింటింగ్ ఉంది. ప్రపంచంలో అచ్చయ్యే గుడ్డలో పెద్ద వాటా దీనిదే. పిగ్మెంట్ కరగని రంగు పొడి. దాన్ని బైండర్ అనే ప్లాస్టిక్ జిగురుతో పోగుకు అతికించి, 150 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు కాలిస్తే సరి. ఆవిరి లేదు, ఉతుకు లేదు, నీటి లెక్కలో దీన్ని మించింది లేదు. మరి బయటికి పోయేదేమిటి? ఒకప్పుడు ముద్ద చిక్కదనం కోసం కిరోసిన్ లాంటి నూనెను నీటిలో గిలక్కొట్టి వాడేవారు. ముద్దలో పెద్ద భాగం అదే. కాల్చేటప్పుడు అదంతా పొగగొట్టం గుండా ఆకాశంలోకి పోయేది. సింథటిక్ చిక్కదనకారులు వచ్చాక ఆ బెడద చాలావరకు తగ్గింది. బైండర్ గట్టిపడటానికి కలిపే కొన్ని రసాయనాల నుంచి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అది లేని బైండర్లు దొరుకుతున్నాయి, ధర ఎక్కువ. టీషర్టుల మీద రబ్బరులా మందంగా కనిపించే ప్లాస్టిసాల్ అచ్చుది వేరే కథ. అది పీవీసీ అనే ప్లాస్టిక్. దాన్ని మెత్తబరచడానికి థాలేట్లు వాడేవారు, ఇప్పుడు చాలామంది మానుకుంటున్నారు. చొక్కా పాతబడ్డాక నూలును తిరిగి వాడుకోవాలంటే ఆ పీవీసీ ముక్క ఎలాగూ అడ్డమే.

ఇప్పుడందరి నోటా ఉన్నది డిజిటల్ ప్రింటింగ్. స్క్రీన్ అక్కర్లేదు, ముద్ద మిగలదు. లీటరులో లక్ష కోట్ల వంతును పీకోలీటరు అంటారు. అలాంటివి కొన్ని కలిస్తే ఒక చుక్క, అలాంటి చుక్కలు కావలసిన చోటే పడతాయి. నిజంగానే గొప్ప పద్ధతి. కానీ అమ్మకాల కరపత్రంలో కనిపించని విషయం ఒకటుంది. సిరా చుక్క సన్నని నాజిల్‌లోంచి రావాలి కాబట్టి ఆల్జినేట్, యూరియా, సోడా అందులో కలపడం కుదరదు. వాటిని ముందే గుడ్డకు పట్టించి ఆరబెడతారు. అచ్చుపడే చోటే కాదు, గుడ్డంతా! డిజైన్ ఐదు శాతమే ఉన్నా యూరియా మాత్రం నూరు శాతం మీద ఉంటుంది. ఆ తర్వాత ఆవిరీ, కడుగూ మామూలే. రియాక్టివ్ సిరాతో చేసే డిజిటల్‌ను ‘నీరక్కర్లేని అద్దకం’ అనడం నాకు మింగుడుపడదు. పిగ్మెంట్ సిరాల విషయంలో ఆ మాట కొంత నిజం. పాలిస్టర్ మీద సబ్లిమేషన్ పద్ధతికీ చెల్లుతుంది. అక్కడ కాగితం మీద అచ్చువేసి, సుమారు 200 డిగ్రీల వేడితో గుడ్డకు నొక్కుతారు. రంగు ఆవిరై పోగులోకి దూరుతుంది. నీరు లేదు కానీ మీటరు గుడ్డకు మీటరు కాగితం చెత్తగా మిగులుతుంది, గుడ్డ పాలిస్టరే కావాలి.

డిజిటల్ అసలు లాభం రసాయనశాలలో కంటే గోదాములో ఎక్కువ. స్క్రీన్లు చేయించిన ఖర్చు రాబట్టుకోవాలంటే వేల మీటర్లు ఒకేసారి అచ్చు వేయాలి, అమ్ముడుపోకపోతే అదంతా వృథా. డిజిటల్‌లో పది మీటర్లు కావాలంటే పదే వేసుకోవచ్చు.

సహజ రంగుల మాటా రెండు ముక్కల్లో. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన రంగు నూలుకు పట్టదు. చాలావాటికి పటిక, ఇనుము లాంటి లోహ లవణాలు కావాలి. పటికతో పెద్ద పేచీ లేదు, క్రోమియం వాడితే మాత్రం పేరుకే సహజం. చిన్న ఎత్తున సహజ రంగులు చక్కగా నడుస్తాయి. ప్రపంచం కట్టే బట్టంతటికీ అంటే పండించే నేల ఎక్కడిది?

కొనేవాళ్లకు దిక్కు లేబుళ్లే. వాటినీ ‘గుడ్డను వదిలి పోయింది ఎటు?’ అన్న అదే ప్రశ్నతో చదవాలి. 1992 నుంచి ఉన్న ఓకో టెక్స్ స్టాండర్డ్ 100 తయారైన బట్టలో హానికర పదార్థాలు మిగిలాయేమో చూస్తుంది. తొడుక్కునేవారికి అది భరోసా. బాగా కడిగిన గుడ్డ ఆ పరీక్ష దర్జాగా నెగ్గుతుంది, కడిగిన నీళ్లు ఎటు పోయాయన్నది ఆ పరీక్ష పరిధిలో లేదు. సేంద్రియ బట్టలకిచ్చే గాట్స్ లేబులైతే మిల్లు మురుగునీటినీ లెక్కలోకి తీసుకుంటుంది. 2011లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ ‘డిటాక్స్’ ప్రచారం మొదలుపెట్టాక కొన్ని పెద్ద బ్రాండ్లు కలిసి, హానికర రసాయనాలు బయటికి పోకుండా చూసేందుకు జెడ్‌డీహెచ్‌సీ అనే కూటమి కట్టి, 2014లో ఒక జాబితా ప్రకటించాయి. గుడ్డలో ఏం మిగలకూడదని కాదు, మిల్లు గేటు లోపలికే ఏ రసాయనం రాకూడదని చెప్పే జాబితా అది. నాకు తెలిసి పద్ధతి మారింది అక్కడే.

మిల్లు కంటే ముందు తేలిపోయే సంగతి ఇంకొకటుంది. ముదురు రంగు నిండా పరిచి మధ్యలో తెల్ల పువ్వు వదిలే డిజైనుకూ, తెల్ల గుడ్డ మీద ముదురు పువ్వు వేసే డిజైనుకూ పట్టే రంగులో, పట్టని రంగులో ఎన్నో రెట్ల తేడా. రంగు ఎంపికలోనూ అంతే. టర్కోయిజ్ నీలం అందమైనదే. కానీ ఆ రియాక్టివ్ రంగు అణువు చాలా పెద్దది, నడుమ రాగి పరమాణువు ఉంటుంది, పోగులోకి దూరడానికి మొరాయిస్తుంది, మిగతావాటి కంటే తక్కువ పడుతుంది, కడిగితే ఓ పట్టాన వదలదు, వదిలాక నీటిలోకి రాగినీ తీసుకుపోతుంది. కంప్యూటర్ తెర మీద ఒక క్లిక్కుతో ఆ రంగును ఎంచుకునే డిజైనరుకు ఈ విషయం చెప్పే మనిషి చాలా స్టూడియోల్లో ఉండడు.