సర్టిఫికెట్ ఉంది కదండీ!

వేలంలో కొన్న పాత నాణేన్ని, అసలుదో నకిలీదో పరీక్షించే నా బల్ల మీద పెడుతూ చాలామంది అనే మొదటి మాట ఇదే. వినగానే విసుగొస్తుంది. ఆ వెంటనే జాలీ వేస్తుంది. అనుమానం లేకపోతే నా దాకా ఎందుకు వస్తారు?

అపోహ: సర్టిఫికెట్ ఉంటే నాణెం అసలుదే.

వాస్తవం: నకిలీ నాణెం చేయడం కన్నా నకిలీ కాగితం అచ్చు వేయడం తేలిక. నాణేన్ని పరీక్షించి, దాని స్థాయి రాసి సీలు వేసే గ్రేడింగ్ పెట్టెలకు కూడా నకిలీలు వస్తున్నాయి. కాగితంలో బరువు, వ్యాసం, ఫొటో ఉన్నాయా? ఉంటే, ఫొటోలోని గీతలూ నొక్కులూ చేతిలోని నాణెం మీద ఉన్నాయా? సంతకం చేసినవారు ఎవరు, అమ్మినవారికి ఏమవుతారు? ఇవేవీ తేలకపోతే ఆ కాగితం ఏ నాణేనికైనా సరిపోతుంది.

కాగితం నిజమైనదైనా కొన్నవారు దెబ్బ తినవచ్చు. ఒక రిటైరైన మాస్టారు మరియా థెరీసా థేలర్ తెచ్చారు, అంటే ఆస్ట్రియాను ఏలిన ఆ రాణి బొమ్మ ఉన్న పెద్ద వెండి నాణెం. తూచాను, 28 గ్రాముల పైచిలుకు. మంచి వెండి. సర్టిఫికెట్‌లో 'తేదీ: 1780' అని ఉంది, అదీ నిజమే. చిక్కేమిటంటే, ఆ రాణి 1780లో చనిపోయాక కూడా అదే తేదీతో ఈ నాణేలను వియన్నా, లండన్, బొంబాయి వంటి చోట్ల కోట్ల కొద్దీ ముద్రించారు. మాస్టారు మాత్రం రాణి బతికుండగా ముద్రించిన అరుదైన నాణెం ధర కట్టారు. కాగితం అలా ఎక్కడా చెప్పలేదు, చెప్పింది అమ్మినవారి నోరు. ఆయన ముఖం వాడిపోయింది. భూతద్దం చేతికిచ్చి, నాణెం వెనకవైపు గద్ద తోక ఈకలూ రాణి భుజం మీది పతకంలో ముత్యాలూ ముద్రణను బట్టి ఎలా మారతాయో చూపించాను. అరగంట తల ఎత్తలేదు.

వేలం కేటలాగులో 'తేదీ గల', 'శైలిలో', 'అని భావిస్తున్న' అన్న మాటలు కనిపిస్తే అక్కడే ఆగి మళ్లీ చదవండి. నకిలీ అని తేలితే ఎన్ని రోజుల్లోగా వెనక్కి తీసుకుంటారో వేలం పాడకముందే చూసుకోండి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

అయస్కాంతానికి అంటుకోకపోతే వెండేనట. రాగి, ఇత్తడి, సీసం కూడా అంటుకోవు.

నల్లబడితే పాతదేనట. నల్లబరచడానికి రసాయనాలున్నాయి.

నొక్కులుంటే నమ్మవచ్చట. రెండు నాణేల మీద సరిగ్గా ఒకే చోట ఒకే నొక్కు ఉంటే కనీసం ఒకటి నకిలీ, చాలాసార్లు రెండూ.

అంతమంది పోటీ పడి పాడారు కాబట్టి అసలుదేనట. వారూ ఆ సర్టిఫికెట్ చూసే పాడి ఉంటారు.