ఒక్కసారి చదివితే చాలదా, తాతా?

చిన్నోడికీ, ఫోన్లో వాడి వెనకాల నిలబడి అన్నీ వినే అక్కకీ,

అస్సలాము అలైకుమ్.

మొన్న నువ్వడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేదని అలిగావట. అది ఫోన్లో తేలే సంగతి కాదురా. "కలిమా ఒక్కసారి మనసారా చదివితే ముస్లిం అయిపోతారని హజరత్ చెప్పారు. మరి నమాజుకి పిలిచే అజాన్‌లో అదే, నమాజులో అదే, పడుకునేముందు అమ్మ చదివించేదీ అదే. ఒక్కసారి చాలదా?" అన్నావు. నీ వయసులో నాకీ ప్రశ్న తోచనే లేదు.

లా ఇలాహ ఇల్లల్లాహ్, ముహమ్మదుర్ రసూలుల్లాహ్. అల్లాహ్ తప్ప ఆరాధించదగినవాడు ఎవరూ లేడు, ముహమ్మద్ అల్లాహ్ పంపిన ప్రవక్త. కలిమా అంటే ఇంతే. ఇస్లాంకున్న ఐదు మూలస్తంభాల్లో ఇది మొదటిది. నమాజు, రోజా అనే ఉపవాసం, జకాత్ అనే దానం, హజ్ అనే మక్కా యాత్ర దీని తర్వాతే. నమాజుకి ముందు ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవాలి, జకాత్ ఇవ్వాలంటే చేతిలో డబ్బుండాలి, హజ్‌కి డబ్బుతోపాటు ఓపిక కూడా ఉండాలి. కలిమాకి నోరూ మనసూ ఉంటే చాలు. నోట మాట రానివాళ్ళకి మనసొక్కటే చాలు.

అయితే ఈ వాక్యం "ఉన్నాడు" అని మొదలవదు, చూశావా? "లేడు" అని మొదలవుతుంది. ఎందుకో చెప్పాలంటే నాకు మా నాన్న పనే గుర్తొస్తుంది.

మనం దూదేకులవాళ్ళం. మీ ముత్తాత ఎండాకాలం వచ్చిందంటే దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. పెళ్ళిళ్ళ రోజులు కదా, ప్రతి ఇంట్లో పరుపులు కావాలి. నేను వెంట వెళ్ళేవాణ్ణి. అరుగు మీద దూది కుప్ప పోసి, విల్లు నారిని అందులో ఆనించి కొయ్యతో కొడితే టంయ్ టంయ్ మని వీధంతా మోగేది. నా జుట్టులో, కనుబొమల్లో, ముక్కులో అంతా దూదే. ఆడపిల్లలు ముసలి తాతొచ్చాడని నవ్వేవాళ్ళు. ఆ నారి అదురుకి దూదిలోని గింజముక్కలు, ఆకు పొట్టు, మట్టి కింద రాలిపోయేవి. నాన్న ఏనాడూ ఏకని దూదిని పరుపులో కూరలేదు. తొందరపెట్టినవాళ్ళతో "ముందు చెత్త పోవాలి, తర్వాతే దూది" అనేవాడు. "లా ఇలాహ" అంటే ఆ ఏకడం. "ఇల్లల్లాహ్" అంటే శుభ్రమైన దూది నింపడం.

కష్టమంతా మొదటి సగంలోనే ఉంది. ప్రవక్త కాలంలో మక్కాలో బిలాల్ అనే అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) సంతతి బానిస ఉండేవాడు. యజమాని ఉమయ్యా బిన్ ఖలఫ్ ఆయన్ని కాలిపోతున్న ఇసుకలో వెల్లకిలా పడుకోబెట్టి, గుండెల మీద పెద్ద రాయి పెట్టించాడు. బిలాల్ నోటి వెంట వచ్చింది ఒక్కటే మాట: "అహద్, అహద్". ఒక్కడే, ఒక్కడే అని. ఉమయ్యాకి అంత కోపమెందుకు? అప్పుడు మక్కాలోని ఆరాధనాలయం కాబా చుట్టూ 360 విగ్రహాలుండేవంటారు. ఇంకో దేవుణ్ణి కొలుస్తానంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదేమో. బిలాల్ అన్నది అది కాదు. అల్లాహ్ తప్ప ఎవరూ లేరంటే, ఉమయ్యా కూడా లేడనే. బానిస అంతమాట అంటే యజమానికి ఇంకేం మిగిలింది? చివరికి ప్రవక్త స్నేహితుడు అబూబక్ర్ ఆయన్ని కొని విడిపించారు. తర్వాత మదీనాలో మొట్టమొదట అజాన్ ఇచ్చింది ఆ బిలాలే. 630లో మక్కా ప్రవక్త చేతికి వచ్చినరోజు కాబా కప్పు మీదికెక్కి అజాన్ ఇచ్చిందీ ఆయనే.

మన గుండెల మీద ఎవరూ రాయి పెట్టడంలేదు గానీ, మనకీ చిన్న చిన్న ఉమయ్యాలు ఉంటారు. మార్కుల టెన్షన్ ఒకటి, డబ్బు ఒకటి, నలుగురేమనుకుంటారో అనేది ఇంకొకటి. వాటికి భయపడి అబద్ధమాడిన ప్రతిసారీ మనం వాటికి తలవంచినట్టే.

ఇప్పుడు నీ ప్రశ్న దగ్గరికి వస్తాను. ఎంత బాగా ఏకి నింపినా, రోజూ మనిషి పడుకునే పరుపు గడ్డ కడుతుంది. కొన్నేళ్ళకి దాన్ని విప్పి మళ్ళీ ఏకాలి. పరుపు చెడిపోయిందని కాదు, వాడుతున్నారని. మనసూ అంతే. పొద్దున్నుంచి బడి, ఆట, కొట్లాట, అసూయ అన్నీ దాని మీద పడుకుని లేస్తాయి. అందుకే ఐదుపూటలా అజాన్. పరుపుకి పైన గుడ్డ ఉంటుంది, కుట్టు ఉంటుంది, వాటిక్కూడా ఏదో ఒకటి చెప్పగలను గానీ, ఇంకా సాగదీస్తే మీ నానమ్మ నవ్వుతుంది.

రెండో సగం గురించి అక్క అడిగింది. తన క్లాసులో ఎవరో "మీరు ముహమ్మద్‌ని పూజిస్తారా?" అన్నారట. లేదమ్మా. 632లో ప్రవక్త చనిపోయినప్పుడు ఆయన సహచరుడు ఉమర్ అంతటివాడు కూడా నమ్మలేకపోయాడు. అబూబక్ర్ జనం ముందుకొచ్చి, ముహమ్మద్‌ని ఆరాధించేవాళ్ళుంటే తెలుసుకోండి, ఆయన చనిపోయారు, అల్లాహ్‌ని ఆరాధించేవాళ్ళకి అల్లాహ్ ఎప్పటికీ ఉన్నాడు అన్నారు. అంత దుఃఖంలో ఆ మాట అనగలగడం చూడు! నమాజులో కూర్చుని చదివే షహాదత్‌లో, అంటే సాక్ష్యం చెప్పే మాటల్లో కూడా ప్రవక్తని ముందు అల్లాహ్ దాసుడంటాం, ఆ తర్వాతే ప్రవక్త అంటాం. సౌదీ జెండా మీద రాసి ఉన్నది ఈ కలిమానే. అందుకే దాన్ని ఎవరి కోసమూ సగానికి దించరు. 2015లో వాళ్ళ రాజు అబ్దుల్లా పోయినప్పుడూ దించలేదు.

ఇంకొక్క మాట. కలిమాని ఎవరి నోటా బలవంతంగా పలికించకూడదు. ధర్మం విషయంలో బలవంతం లేదని ఖుర్ఆన్‌లోనే ఉంది. నీ స్నేహితుడు వాళ్ళింటి దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే నువ్వు పక్కన మర్యాదగా నిలబడు.

ఈ శుక్రవారం జుమా నమాజుకి నాన్నతో మసీదుకి వెళ్తావు కదా. నమాజులో చివర కూర్చున్నప్పుడు నాన్న కుడిచేతి చూపుడువేలు ఒకసారి పైకి లేచి దిగుతుంది. ఎన్నిసార్లు చూసి ఉంటావో, గమనించి ఉండవు. తల తిప్పకుండా ఓరకంట చూడు. కలిమాలో ఏ మాట దగ్గర లేస్తోంది, ఏ మాట దగ్గర దిగుతోంది? అక్కడ నాన్న పెదవుల్లో మాట వినపడదు కాబట్టి, ఇంటికొచ్చాక కలిమా నెమ్మదిగా చదివి చూపించమను. పక్కాయన వేలు ఇంకోలా ఎత్తితే వాదన పెట్టుకోకు, ఎవరి పద్ధతి వాళ్ళది. నువ్వు కనిపెట్టింది శనివారం ఫోన్ చేసి చెప్పు. అక్కని ముందే చెప్పెయ్యొద్దను.

మీ తాత