మాక్‌గ్రెగోరియా చుట్టాలెవరు?

రూపు, రంగు చూసి ఏ పిట్ట ఏ పిట్టకి చుట్టమో చెప్పేయొచ్చా అని ఓ పాఠకుడు అడిగారు. ఆ ప్రశ్నకి మాక్‌గ్రెగోరియా అనే పిట్టని మించిన జవాబు లేదు.

న్యూగినీ ద్వీపంలో, సుమారు 3,000 మీటర్ల ఎత్తున, చలికి చెట్లు గిడసబారిపోయే కొండ అడవుల్లో ఉంటుందిది. ఒళ్ళంతా నలుపు. రెక్కల్లో పసుపు. కంటి వెనక నారింజ రంగు తోలుబిళ్ళ. ఎగిరితే రెక్కల చప్పుడు బాగా వినిపిస్తుంది. 1897లో డి విస్ అనే శాస్త్రవేత్త దీనికి శాస్త్రీయ నామం పెట్టాక, సుమారు వందేళ్ళు ఎక్కువమంది దీన్ని 'బర్డ్ ఆఫ్ ప్యారడైజ్' అనే పక్షుల కుటుంబంలోదే అనుకున్నారు. ఆ కుటుంబంలో చాలా మగపక్షులకి తళుకులీకలుంటాయి, ఇందులో ఆడా మగా ఒకేలా ఉంటాయి, జంటగా బతుకుతాయి. అయినా దీన్ని అందులోనే ఉంచేశారు. ఆ కుటుంబంలోనే మానుకోడ్‌లని నల్లటి పిట్టలున్నాయి, అవీ జంటగానే బతుకుతాయి.

2000లో క్రాక్రాఫ్ట్, ఫైన్‌స్టీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ, శరీర నిర్మాణం రెండూ చూసి, ఇది హనీఈటర్ అనే వేరే పక్షుల కుటుంబంలోదని తేల్చారు.

డీఎన్‌ఏతో చుట్టరికం ఎలా తెలుస్తుంది? తాళపత్రాల సంగతి చూడండి. ఒక లేఖకుడు 'వ' బదులు 'ప' రాశాడు. అతని ప్రతి చూసి రాసినవాళ్ళందరికీ ఆ తప్పు సంక్రమిస్తుంది. రెండు ప్రతుల్లో అవే తప్పులుంటే మూలం ఒకటే. మరి ఇద్దరు విడివిడిగా అదే తప్పు చేస్తే? చేస్తారు, 'వ', 'ప' అంత దగ్గరగా ఉంటాయి మరి. అందుకే ఒక్క తప్పుని నమ్మకూడదు, వందల అక్షరాలు పోల్చాలి. డీఎన్‌ఏ కూడా అక్షరాల వరుసే. అందులో మూడేసి అక్షరాల గుంపుని కోడాన్ అంటారు, అది ప్రోటీన్‌లో ఓ ముక్కయిన అమైనో ఆమ్లాన్ని సూచిస్తుంది. కోడాన్‌లో మూడో అక్షరం మారినా చాలాసార్లు అమైనో ఆమ్లం మారదు. అర్థం చెడని తప్పుని ఎవరూ దిద్దరు కాబట్టి అది తరతరాలా నిలుస్తుంది. కానీ ఆ చోట అక్షరాలు మళ్ళీ మళ్ళీ మారితే పాత ఆనవాళ్ళు చెరిగిపోతాయి, అందుకని నెమ్మదిగా మారే చోట్లు కూడా చదవాలి. ఈకల రంగు అలాంటిది కాదు. అది బతుకుతెరువుని బట్టి, జత ఇష్టాన్ని బట్టి మారుతుంది. వేర్వేరు వంశాలు ఒకే నలుపుకి చేరొచ్చు. బడిలో పక్షుల వర్గీకరణ అంటే ముక్కులూ కాళ్ళూ బట్టీపట్టిస్తారు. ఈ ఒక్క కథ చెబితే పిల్లలకి పరిణామం అర్థమవుతుందని నా నమ్మకం.

హనీఈటర్ అన్నంత మాత్రాన తేనె మీదే బతకదు. దీని ముఖ్య ఆహారం డాక్రికార్పస్ అనే శంఖాకార వృక్షం పండ్లు. దీని దగ్గరి బంధువులు మెలిపోటిస్ అనే హనీఈటర్ పిట్టలు. ఉద్రేకం కలిగితే వాటి ముఖం మీది పసుపు తోలు ఎర్రబడుతుంది. క్రాక్రాఫ్ట్ బృందం అదే అధ్యయనంలో సాటిన్‌బర్డ్‌లనే పిట్టలని కూడా 'బర్డ్ ఆఫ్ ప్యారడైజ్' కుటుంబం నుంచి బయటికి తెచ్చింది, అవి మాత్రం హనీఈటర్లు కావు.