పదో తరగతి మెమో మీదికి ఇంత బరువు ఎలా చేరింది

పదో తరగతి ఫలితాలు వెలువడిన మరునాటికల్లా తిరుపతి వీధుల్లో ఫ్లెక్సీలు లేస్తాయి. పిల్లల ఫోటోలు చిన్నవిగా, వాటి కింద 600కు వచ్చిన మార్కులు పెద్దవిగా కనిపిస్తాయి. మైకు పట్టుకొని వచ్చినవాళ్లు అడిగేవి రెండు మూడు ప్రశ్నలే: రోజుకు ఎన్ని గంటలు చదివావు, ఎవరి ప్రోత్సాహంతో సాధించావు, ముందు ముందు ఏమవుతావు? జవాబులు ముందే నేర్పించి ఉంటారు కాబట్టి అందరి మాటా ఒకేలా ఉంటుంది. ఆ బిడ్డ నిజంగా ఏం ఆలోచిస్తున్నదో అడిగేవారు ఆ రోజూ ఉండరు, ఆ తర్వాత పురస్కారానికి పేరు ఎంపికయ్యేటప్పుడూ ఉండరు. ట్రిపుల్ ఐటీ సీటు, ప్రభుత్వ పురస్కారం, బడి పరువు, ఇంటి పరువు అన్నీ మెమోలోని ఒక్క మొత్తం మీదనే ఆధారపడి ఉన్నాయి. ఈ పరిస్థితి మొదటి నుంచీ ఉన్నది కాదు.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మెట్రిక్యులేషన్ స్థానంలో బడి చదువు ముగింపు ధ్రువపత్రమైన ఎస్.ఎస్.ఎల్.సి. కుదురుకున్నదీ దాదాపు ఆ కాలంలోనే. అప్పటి ఎస్.ఎస్.ఎల్.సి. ఒక పుస్తకం రూపంలో ఉండేది; పబ్లిక్ పరీక్ష మార్కులతో పాటు బడిలో పై తరగతుల్లో విద్యార్థి సాధించిన మార్కులు కూడా అందులో నమోదయ్యేవి. ఒక్క పరీక్షే పిల్లవాడి చదువుకు కొలత కారాదన్న ఆలోచన ఆ పుస్తకం వెనుక ఉంది. అంతకు కొద్దికాలం ముందు, 1896 నుంచి 1900 వరకు, తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తన చదువులో చాలా భాగం స్కాలర్‌షిప్పుల మీదనే సాగించారు. పేదింటి బిడ్డకు ఆనాడు పురస్కారం అంటే పై చదువుకు దారి చూపే డబ్బు. ఈ అర్థాన్ని గుర్తుంచుకోవడం అవసరం, ఎందుకంటే తర్వాతి కాలంలో జారిపోయింది ఇదే.

1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ రావడంతో పదో తరగతి బడి చదువుకు ముగింపుగా స్థిరపడింది. హాల్ టికెట్ నంబర్ల కోసం పత్రికలో వరుసలు వెదికిన తరానికి పాసా, ఫెయిలా, ఏ క్లాసు అన్నంతవరకే తెలిసేది. మిగతాది మార్కుల జాబితా బడికి వచ్చాక తేలేది.

ప్రతిభను వెదకడానికి దేశం వేరే దారిని కూడా ప్రయత్నించింది. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్.సి.ఇ.ఆర్.టి.) 1963లో ఢిల్లీలో 10 స్కాలర్‌షిప్పులతో ప్రారంభించిన సైన్సు ప్రతిభాన్వేషణ పథకం మరుసటి ఏడాది 350 స్కాలర్‌షిప్పులతో దేశమంతటికీ విస్తరించింది. ఆ ఎంపిక తీరు ఈనాటి విద్యార్థికి వింతగా తోస్తుంది: శాస్త్ర అభిరుచి పరీక్ష, ఒక వ్యాసం, విద్యార్థి స్వయంగా చేసిన ప్రాజెక్టు నివేదిక, వీటిలో నెగ్గినవారికి ముఖాముఖి ఇంటర్వ్యూ. నాలుగింటినీ కలిపి చూసిన తర్వాతనే ఎంపిక. 1976లో పథకాన్ని ఇతర శాస్త్రాలకూ విస్తరించి, వ్యాసాన్నీ ప్రాజెక్టునూ తీసివేసి, మేధాశక్తి పరీక్ష, పాఠ్యాంశ పరీక్ష అనే రెండు ఆబ్జెక్టివ్ పేపర్లు పెట్టారు. ఇంటర్వ్యూను మాత్రం ఉంచారు. 1985లో రాష్ట్రస్థాయి, జాతీయస్థాయి అనే రెండు అంచెలు వచ్చాయి. 2000లో స్కాలర్‌షిప్పుల సంఖ్య 1,000కి చేరింది. 2010 తర్వాతి సంవత్సరాల్లో ఇంటర్వ్యూ కూడా పోయింది. 2021 తర్వాత పథకమే ఆగిపోయింది. ఇంటర్వ్యూలో పట్నం పిల్లలకు, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవారికి మొగ్గు ఉంటుందన్న విమర్శ న్యాయమైనదే. అయితే ఆ లోపాన్ని సరిదిద్దడానికి తెలుగులో అడగడం, జిల్లాలోనే అడగడం వంటి మార్గాలు ఉండగా, అసలు అడగడమే మానుకోవడం సరైన మందు కాదని నా అభిప్రాయం. ఉపాధ్యాయుల జాతీయ పురస్కారానికి నేటికీ అభ్యర్థులు న్యాయనిర్ణేతల ముందు తమ పని గురించి స్వయంగా వివరించాలి. పెద్దలకు ఇచ్చిన ఆ అవకాశం పిల్లలకు లేదు.

మన ప్రాంతంలో మార్కు మీద అసలైన బరువు 2008లో పడింది. ఆ సంవత్సరం ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (దీని ప్రాంగణాలనే ట్రిపుల్ ఐటీలు అంటారు) ప్రవేశ పరీక్ష లేకుండా పదో తరగతి ప్రతిభ ఆధారంగానే ఆరేళ్ల చదువుకు విద్యార్థులను తీసుకోవడం మొదలుపెట్టింది. ప్రభుత్వ బడి పిల్లల వెనుకబాటును లెక్కలోకి తీసుకొని వారికి అదనంగా 4 శాతం కలుపుతారు. కోచింగ్‌కు డబ్బు పెట్టలేని కుటుంబాలకు ఇది గొప్ప మేలు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి వెళ్లి ఇంజనీరైన రైతుబిడ్డలు చిత్తూరు పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఆ మేలుతో పాటే ఒక్కొక్క మార్కూ ఒక కుటుంబపు భవిష్యత్తుగా మారింది.

ఇంత బరువు మోయవలసిన కొలబద్ద మాత్రం ఒక్కచోట నిలవలేదు. 2012లో మార్కులు తీసివేసి గ్రేడ్లు ఇచ్చారు. దానితో 10కి 10 పాయింట్లు వచ్చినవారు వేలల్లో తేలి, సీట్ల కోసం గణితంలో గ్రేడు, ఆ తర్వాత సైన్సులో గ్రేడు, చివరికి పుట్టినతేదీ చూడవలసి వచ్చింది. కొన్నేళ్లకు నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరిట 20 మార్కులు బడి చేతికి, 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు వచ్చాయి. ప్రైవేటు బడులు ఆ 20 మార్కులనూ నిండుగా వేసుకుంటున్నాయన్న ఆరోపణలతో 2019లో ఆ పద్ధతిని ఎత్తివేశారు. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలోని ఆలోచన నూరేళ్ల తర్వాత తిరిగి వచ్చి అయిదేళ్లు కూడా నిలవకపోవడం నాకు బాధ కలిగించే విషయం. కోవిడ్ కారణంగా 2020లోనూ 2021లోనూ పబ్లిక్ పరీక్షలు రద్దయ్యాయి. ట్రిపుల్ ఐటీలకు ఆ రెండేళ్లూ విడిగా ప్రవేశ పరీక్ష జరిగింది. 2022లో పదకొండు పేపర్లు ఏడయ్యాయి, గ్రేడ్లు పోయి మార్కులు తిరిగి వచ్చాయి, ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. 2019లో అది 94.88 శాతం. పిల్లలు మూడేళ్లలో అంతగా మారిపోలేదు. బడి మూతపడింది, కొలత మారింది.

అదే 2022 ఏప్రిల్‌లో, పరీక్షలు మొదలైన రోజునే, చిత్తూరు జిల్లాలో ప్రశ్నపత్రం ఫోటోలు ఫోన్లలో బయటికి రావడం, 1997 నాటి పరీక్షల అక్రమాల నిరోధక చట్టం కింద కేసులు, అరెస్టులు జరగడం రాష్ట్రమంతా చూసింది. ఫలితాల సమయంలో ర్యాంకుల ప్రకటనలను నిషేధిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ర్యాంకు అన్న మాట ఫ్లెక్సీల నుంచి పోయినా అంకె పోలేదు.

పురస్కారాల చరిత్ర దీనికి సమాంతరంగా నడిచింది. అబ్దుల్ కలాం పేరిట ప్రతిభా పురస్కారాలు, 2023లో ప్రభుత్వ బడుల విద్యార్థులకు జగనన్న ఆణిముత్యాలు, 2025లో రూ.20 వేల నగదు, పతకంతో షైనింగ్ స్టార్స్: ప్రభుత్వం మారినప్పుడు పేరు మారింది, నగదు మారింది, వేదిక మారింది. ఎంపికకు మెమోలోని మార్కుల మొత్తమే ఆధారం కావడం మాత్రం మారలేదు. ఆ మొత్తం ఎంత నికరమైనదన్న ప్రశ్న 2025లోనే ఎదురైంది. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ కోరిన వాటిలో 11 వేలకు పైగా జవాబుపత్రాల్లో తేడాలు బయటపడ్డాయి. స్పాట్ వాల్యుయేషన్‌లో ఎండకాలపు గదుల్లో రోజుకు పదుల కొద్దీ పేపర్లు దిద్దే ఉపాధ్యాయుల అలసటను నేను తక్కువ చేయడం లేదు. రీవెరిఫికేషన్‌కు పేపరుకు రూ.1,000 కట్టలేక ఊరుకున్న ఇంటి బిడ్డ గురించే నా ఆందోళన.

పిల్లలను నిలబెట్టి మాట్లాడించే చోటు ఇప్పటికీ ఒకటి మిగిలి ఉంది. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద కొత్త ఆలోచన పంపిన విద్యార్థికి నమూనా తయారీకి రూ.10 వేలు ఇచ్చి, జిల్లాస్థాయి ప్రదర్శనలో ప్రశ్నలు అడుగుతారు. కొన్నేళ్ల క్రితం చిత్తూరులో అలాంటి ఒక ప్రదర్శనలో మామిడికాయలు కోసే చిక్కంతో నిలబడిన తొమ్మిదో తరగతి అమ్మాయిని చూశాను. గడకు సైకిల్ బ్రేకు తీగ, తీగ చివర చిన్న కత్తెర, కత్తెర పక్కన కొలతకు ఒక రేకు ముక్క. ఆ రేకు ఎందుకమ్మా అని న్యాయనిర్ణేత అడిగారు. "కాడ ఒక అంగుళం వదిలిపెట్టి కోస్తే సొన కారదు సార్. సొన పడిన కాయ నల్లబడితే మండీలో రేటు తగ్గిస్తారు. మా నాయన చేతులకు కూడా బొబ్బలు లేస్తాయి" అని, అడగకుండానే తోతాపురికీ నీలానికీ కాడల మందంలో ఉన్న తేడా కూడా చెప్పింది. ఆయన గడ తన చేతికి తీసుకొని రెండుసార్లు నొక్కి చూశారు, పక్కనున్న మరో న్యాయనిర్ణేతను పిలిచారు. పావుగంట సేపు ముగ్గురూ సొన గురించే మాట్లాడుకున్నారు.

మరుసటి ఏడాది ఆ అమ్మాయి పదో తరగతి పాసైంది. సైన్సులో వచ్చినవి 61 మార్కులు.