మలుగుపాము బొమ్మ వెనుక కథ

పారమట్టా, సిడ్నీ
అక్టోబరు 2025

చిరంజీవులైన నా మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. పోయిన ఆదివారం వీడియోలో మాట్లాడుతున్నప్పుడు మీ బావ వేసుకున్న నీలం, పసుపు రంగుల చొక్కా చూసి దాని మీద పాము బొమ్మ ఎందుకుందని అడిగారు. ఆ పూట మీ బావ ఆటకు వెళ్ళే తొందరలో ఉండటం వల్ల సరిగా చెప్పలేకపోయాడు. అది పాము కాదు, మనవాళ్ళు మలుగుపాము అని పిలిచే చేప. ఇక్కడి నది ఒడ్డున వేల ఏళ్ళుగా బతికిన దారుగ్ ఆదివాసుల మాటలో పారమట్టా అనే ఈ ఊరి పేరుకు మలుగుపాములుండే చోటు అని అర్థం చెబుతారు. ఊరి పేరులోని చేపే ఊరి రగ్బీ లీగ్ జట్టుకు గుర్తు అయింది. ఆ జట్టు ఆడే పోటీ పేరు నేషనల్ రగ్బీ లీగ్. ఇక్కడ అందరూ ఎన్ఆర్ఎల్ అంటారు.

మీరు టీవీలో చూసిన ప్రపంచ కప్పు రగ్బీ వేరు, ఇది వేరు. అది రగ్బీ యూనియన్, జట్టుకు పదిహేను మంది. ఇది రగ్బీ లీగ్, జట్టుకు పదమూడు మంది. ఒకే ఆట రెండుగా ఎందుకు చీలిందో తెలిస్తే మిగిలిన చరిత్ర తేలిగ్గా అర్థమవుతుంది. ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో బొగ్గు గనుల్లో, నూలు మిల్లుల్లో పనిచేసేవాళ్ళు శనివారం పని మానుకుని ఆడితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలిని క్లబ్బు ఇవ్వాలని వాళ్ళు అడిగారు. డబ్బు ముట్టుకుంటే ఆట మలినమవుతుందని, కూలి అవసరం లేని పెద్ద కుటుంబాల పెత్తందారులు కాదన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై విడిపోయాయి. కాలక్రమంలో వాళ్ళు ఆటగాళ్ళ సంఖ్యను పదమూడుకు తగ్గించి, నియమాలు మార్చి, ఆటను వేగవంతం చేశారు.

సిడ్నీలోనూ అదే తగువు వచ్చింది. 1907లో అలెక్స్ బర్డన్ అనే ఆటగాడు రాష్ట్రజట్టు తరఫున ఆడుతూ గాయపడి పనికి వెళ్ళలేకపోతే, టిక్కెట్ల మీద బోలెడు డబ్బు సంపాదిస్తున్న రగ్బీ సంఘం అతనికి పరిహారం ఇవ్వలేదు. ఆ అన్యాయం మీద మాట్లాడుకోవడానికి కూడినవాళ్ళలో విక్టర్ ట్రంపర్ ఒకడు. క్రికెట్ పిచ్చి ఉన్న మీకు ఆ పేరు తెలిసే ఉండాలి. బ్రాడ్‌మన్ రాకముందు ఆస్ట్రేలియాలో అంతటి బ్యాటర్ లేడంటారు. ఆయన, జేమ్స్ గిల్టినన్, హెన్రీ హోయిల్ మొదలైనవాళ్ళు కలిసి 1907 ఆగస్టు 8న సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ పెట్టారు. ఆ రోజుల్లో జనాన్ని మైదానానికి రప్పించగల డాలీ మెసెంజర్ అనే ఆటగాడు కూడా ఇటువైపు రావడంతో కొత్త ఆట నిలబడింది.

1908 ఏప్రిల్‌లో తొమ్మిది క్లబ్బులతో పోటీ మొదలైంది. గ్లీబ్, న్యూటౌన్, బాల్మెయిన్, సౌత్ సిడ్నీ, నార్త్ సిడ్నీ, ఈస్టర్న్ సబర్బ్స్, వెస్టర్న్ సబర్బ్స్, కంబర్లాండ్, న్యూకాజిల్ అన్న ఆ పేర్లను ఒకసారి పైకి చదవండి. దాదాపు అన్నీ సిడ్నీలోని పేటల పేర్లే. యజమాని పేరో కంపెనీ పేరో ఒక్కటీ లేదు. రేవులో మూటలు మోసేవాళ్ళు, ఫ్యాక్టరీ పనివాళ్ళు తమ పేట కుర్రాళ్ళ కోసం అరిచేవారు. మొదటి ఏడు కప్పు గెలిచిన సౌత్ సిడ్నీకి ర్యాబిటోస్ అని పేరు. వీధుల్లో కుందేళ్ళు అమ్ముకునేవాళ్ళు వేసే కేక అది. ఆ తొమ్మిదింటిలో ఒక్క ఏడాదైనా మానకుండా ఈనాటికీ ఆడుతున్నది ఈస్టర్న్ సబర్బ్స్ ఒక్కటే; ఇప్పుడు దాని పేరు సిడ్నీ రూస్టర్స్. మన పారమట్టా జట్టు 1947లో చేరింది.

ఆట ఎలా ఉంటుందో కబడ్డీ ఆడే మీకు చెప్పడం కష్టం కాదు. కూతకు వచ్చినవాణ్ణి నలుగురు చుట్టేసి పట్టినట్టు, బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఇక్కడ పట్టి కింద పడేస్తారు. దాన్నే ట్యాకిల్ అంటారు. పడినవాడు లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి మళ్ళీ ఆట సాగిస్తాడు. బంతిని చేతితో పక్కకో వెనక్కో విసరవచ్చు గాని ముందుకు విసరకూడదు. ఎదుటివాళ్ళ గీత దాటి బంతిని నేలకు తాకిస్తే ట్రై, దానికి నాలుగు పాయింట్లు. ఆ తరువాత స్తంభాల మధ్యగా తన్నితే మరో రెండు. ఆరుసార్లు పట్టుబడేలోపు ట్రై చేయలేకపోతే బంతి అవతలివాళ్ళది. ఒకప్పుడు ఈ లెక్కే లేదు, ఎన్నిసార్లు పట్టుబడినా బంతి అదే జట్టు దగ్గర ఉండేది. బలమైన జట్టు బంతిని వదలకుండా అవతలివాళ్ళను అలసిపోయేలా చేయగలిగేది. సెయింట్ జార్జ్ అనే క్లబ్బు 1956 నుంచి 1966 వరకు వరుసగా పదకొండు సార్లు కప్పు గెలిచింది. 1967లో నాలుగు ట్యాకిళ్ళ నియమం రాగానే ఆ పరంపర తెగింది. 1971లో నాలుగును ఆరు చేశారు.

1980లలో పోటీ సిడ్నీ దాటింది. 1982లో కాన్‌బెర్రా, 1988లో బ్రిస్బేన్, 1995లో న్యూజీలాండు నుంచి ఆక్లండ్ జట్టు వచ్చి చేరాయి. 1995 నాటికి ఇరవై జట్లు. సరిగ్గా అప్పుడే డబ్బు కోసం పెద్ద కలహం పుట్టింది. ఇంటింటికీ డబ్బు కట్టి చూసే టీవీ వస్తున్న కాలం అది, ఆ టీవీకి ఈ ఆట కావాలి. పత్రికల, టీవీల అధిపతి రూపర్ట్ మర్డోక్ సంస్థ రాత్రికి రాత్రి క్లబ్బులతో, ఆటగాళ్ళతో పెద్ద పెద్ద ఒప్పందాలు చేసుకుని సూపర్ లీగ్ పేరుతో వేరు కుంపటి పెట్టింది. పాత సంఘం వైపు మరో టీవీ యజమాని కెర్రీ ప్యాకర్ నిలిచాడు. కోర్టుల్లో వాదాలు నడిచాక, 1997లో ఒకే దేశంలో ఒకే ఆటకు రెండు పోటీలు జరిగాయి, ఇద్దరు విజేతలు వచ్చారు. జనం రెండింటికీ దూరమయ్యారు. ఆ ఏడాది చివర రాజీ కుదిరి, 1998లో నేషనల్ రగ్బీ లీగ్ పుట్టింది.

రాజీలో ఒక షరతు ఉంది. 2000 నాటికి జట్లు పద్నాలుగుకు మించకూడదు. దాంతో బాల్మెయిన్, వెస్టర్న్ సబర్బ్స్ కలిసిపోయి వెస్ట్స్ టైగర్స్ అయ్యాయి. సెయింట్ జార్జ్ పక్కనున్న ఇల్లవారాతో కలిసింది. ఎవరితోనూ కలవనన్న సౌత్ సిడ్నీని, ఇరవై కప్పులు గెలిచిన క్లబ్బును, 1999 చివర పోటీ నుంచి తీసేశారు. పిల్లలూ, ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ తరువాత జరిగిందే. ముసలివాళ్ళు, పిల్లల తల్లులు, తమ జీవితంలో ఏనాడూ జెండా పట్టనివాళ్ళు క్లబ్బు రంగులైన ఎరుపు, ఆకుపచ్చ కట్టుకుని సిడ్నీ వీధుల్లో నడిచారు. 2000 నవంబరులో నడిచినవాళ్ళు సుమారు ఎనభై వేల మంది. 2001లో ఫెడరల్ కోర్టు అప్పీలులో క్లబ్బు గెలిచింది, 2002లో తిరిగి ఆడింది. 1971 తరువాత మళ్ళీ కప్పు చేతికి రావడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఫైనల్లో శామ్ బర్జెస్ అనే ఆటగాడు మొదటి ట్యాకిల్‌లోనే చెంప ఎముక విరిగినా మ్యాచ్ మొత్తం ఎనభై నిమిషాలూ ఆడాడు. గాయంతో ఆడటం గొప్పని చెప్పడం లేదు, మీరు అలా చేయకూడదు కూడా.

ఇప్పుడు పోటీలో పదిహేడు జట్లున్నాయి. తొమ్మిది సిడ్నీవి, నాలుగు క్వీన్స్‌లాండ్‌వి. న్యూకాజిల్, కాన్‌బెర్రా, మెల్‌బోర్న్, ఆక్లండ్‌లకు ఒక్కొక్కటి. మార్చిలో మొదలుపెట్టి ఒక్కో జట్టు ఇరవై నాలుగు మ్యాచ్‌లు ఆడితే, పట్టికలో మొదటి ఎనిమిది ముందుకు వెళతాయి. డబ్బున్న క్లబ్బే మంచి ఆటగాళ్ళందరినీ కొనేయకుండా జీతాల మొత్తానికి పరిమితి పెట్టారు. మెల్‌బోర్న్ రెండు రకాల లెక్కలు రాసి ఆ పరిమితి దాటిందని తేలగానే, 2010లో అది గెలిచిన 2007, 2009 కప్పులు రెండూ రద్దు చేశారు. కఠినమే, కానీ అది లేకపోతే పేటల జట్లు బతకవు. మనవరాలు అడిగిన ప్రశ్నకు జవాబు: ఆడపిల్లలకూ పోటీ ఉంది. 2018లో నాలుగు జట్లతో మొదలై ఈ ఏడాదికి పన్నెండు అయ్యాయి. మొన్న పురుషుల ఫైనల్లో మెల్‌బోర్న్‌ను 26–22తో ఓడించిన బ్రిస్బేనే మహిళల కప్పూ గెలిచింది.

కొత్త జట్లు ఇంకా వస్తున్నాయి. రగ్బీ లీగ్‌ను జాతీయ క్రీడగా చూసుకునే పాపువా న్యూ గినీకి 2028లో జట్టు రాబోతోంది. అంతకు ముందు, 2027లో పెర్త్‌కు ఒకటి వస్తుంది. దాని పేరు బేర్స్, ఎరుపు, నలుపు రంగులు. 1908లో ఆడి, ఆ కలహం తరువాత చోటు పోగొట్టుకున్న నార్త్ సిడ్నీ పేరూ రంగులూ అవే. ఆ జట్టు మళ్ళీ మైదానంలోకి వచ్చే రోజుకు మీరు సెలవుల్లో ఇక్కడ ఉంటే, మనమందరం కలిసి చూద్దాం. చొక్కాల కొలతలు మీ అమ్మ చేత రాయించి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య