గెజిట్‌లో వచ్చే నిబంధనలపై పార్లమెంటు చూపు: 1951 నుంచి నేటిదాకా

చట్టం పార్లమెంటు చేస్తుంది. ఫీజు ఎంత, దరఖాస్తు ఏ ఫారంలో పెట్టాలి, గడువు ఎన్ని రోజులు వంటివి మాత్రం మంత్రిత్వ శాఖ నిబంధనలుగా గెజిట్‌లో ప్రకటిస్తుంది. మామూలు మనిషికి తగిలేది ఎక్కువగా ఈ రెండోదే. వివరాలు ప్రభుత్వానికి వదలొచ్చు గానీ చట్టపు మౌలిక విధానాన్ని నిర్ణయించే పని వదలకూడదని 1951లో ఢిల్లీ చట్టాల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలా వదిలినదాన్ని చూసేందుకు 1953 డిసెంబరు 1న లోక్‌సభలో సబార్డినేట్ లెజిస్లేషన్ (చట్టం కింద ప్రభుత్వం చేసే నిబంధనల) కమిటీ ఏర్పడింది. రాజ్యసభ కమిటీ 1964లో గానీ రాలేదు. ఒక్కోదానిలో 15 మంది సభ్యులు. లోక్‌సభ కమిటీలో మంత్రులకు చోటు లేదు.

విధానం మంచిదా చెడ్డదా అన్నది కమిటీ తేల్చదు. మాతృచట్టం (నిబంధనలకు ఆధారమైన అసలు చట్టం) ఇవ్వని అధికారంతో పన్ను వేశారా? వెనుకటి తేదీ నుంచి అమలు చేశారా? కోర్టుకు వెళ్లే దారి మూశారా? ప్రచురణలోనో సభ ముందు ఉంచడంలోనో అకారణ జాప్యం జరిగిందా? చూసేవి ఇలాంటివి. సందేహం వస్తే శాఖను రాతపూర్వక వివరణ అడుగుతారు, అవసరమైతే అధికారులను పిలిపిస్తారు, ఆపైన సభకు నివేదిక ఇస్తారు. సిఫారసుల అమలుపై మళ్లీ ఆరా తీస్తారు. పత్రికలకెక్కని ఈ ఉత్తరప్రత్యుత్తరాలతోనే చాలా లోపాలు సర్దుకుంటాయి.

నిబంధనలను రద్దు చేసే పార్లమెంటు అధికారం కథ వేరు. నిబంధనలు ఒకటో అంతకుమించో సమావేశాల్లో మొత్తం 30 రోజులు సభల ముందుండాలి. తరువాతి సమావేశం ముగిసేలోగా ఉభయసభలూ ఒప్పుకుంటేనే మార్పు, రద్దు. ఈలోగా అవి అమల్లోనే ఉంటాయి, రద్దయినా అప్పటిదాకా జరిగినది చెల్లుతుంది. పైగా నిత్యావసర సరుకుల చట్టం కింద వచ్చిన ఒక ఉత్తర్వును సభల ముందు ఉంచకపోయినా అది చెల్లుతుందని 1979లో అట్లాస్ సైకిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెజారిటీ ఉన్న ప్రభుత్వానికి ఈ రద్దు అధికారం పెద్ద అడ్డంకేమీ కాదు. 2011 నాటి ఇంటర్నెట్ మధ్యవర్తుల (ఇతరుల సమాచారాన్ని చేరవేసే వెబ్‌సైట్లు, సేవాసంస్థల వంటివారి) నిబంధనలను రద్దు చేయాలని 2012లో రాజ్యసభలో సభ్యుడు పి. రాజీవ్ పెట్టిన తీర్మానం నెగ్గలేదు. వాటిలోని అస్పష్టతను సరిదిద్దాలని 2013లో లోక్‌సభ కమిటీయే చెప్పాల్సి వచ్చింది.

అసలు నిబంధనలే రాయకపోతే? చట్టం అమల్లోకొచ్చిన ఆరు నెలల్లో రాయాలి, కాకుంటే కమిటీలను గడువు అడగాలి. పౌరసత్వ సవరణ చట్టం 2020 జనవరి 10న అమల్లోకి వచ్చింది. హోంశాఖ పదేపదే పొడిగింపులు కోరింది. నిబంధనలు వెలువడింది 2024 మార్చి 11న.