దూలంలో కర్ర ఎక్కడ ఉండాలి?

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న టవర్లలో చాలాచోట్ల, స్లాబు పోయబోయే అంతస్తులో తల పైకెత్తితే ఇనుప జాకీల మీద వరసగా పసుపురంగు చెక్క దూలాలు కనిపిస్తాయి. వాటి మీద ప్లైవుడ్, ఆ పైన టన్నులకొద్దీ తడి కాంక్రీటు. దూలం కొసను దగ్గరగా చూడండి. అచ్చం ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం. పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, మధ్యలో నిలబెట్టిన సన్నటి పలక. పట్టీ పక్కభాగంలో, రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు ఒక అతుకు ఉంటుంది. చెక్కలో ముడులున్న చోటు కోసి పారేసి, మంచి ముక్కల్ని జిగురుతో కలిపారన్నమాట.

దీన్ని ‘హెచ్ ట్వంటీ’ అంటారు. ఎత్తు 20 సెంటీమీటర్లు. పట్టీలు 8 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం. మధ్య పలక 3 సెంటీమీటర్లు కూడా ఉండదు. మీటరుకు 5 కిలోల బరువు, కాస్త అటూ ఇటూ. మూడు మీటర్ల దూలాన్ని ఒక్క మనిషి భుజాన వేసుకుని నడిచిపోతాడు.

ఇది చూసి ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. ఇవే కొలతల్లో, మధ్యలో సన్నబడకుండా అంతా కర్రే ఉండే నిండు దూలం చేస్తే పట్టే కర్రలో 60 శాతంతో ఇది తయారవుతుంది. వంగకుండా నిలిచే బిగువు మాత్రం, ఒకే రకం కర్ర అనుకుంటే, నిండు దూలంలో 85 శాతం దాకా ఉంటుంది. నూటికి నలభై పాళ్ళ కర్ర తీసేస్తే పోయిన బిగువు పదిహేను పాళ్ళే!

బరువు పడ్డప్పుడు దూలం పైభాగం నలుగుతుంది, కిందిభాగం సాగుతుంది. సరిగ్గా మధ్యలో ఉన్న కర్ర నలగదు, సాగదు. అంటే కష్టమంతా పైఅంచుది, కిందిఅంచుది. మన వడ్రంగులకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. పెంకుటింటి వాసాన్ని ఎవరూ వెడల్పు కిందికి వచ్చేలా పరవరు, నిలువుగానే పెడతారు. వెడల్పు రెట్టింపు చేస్తే బిగువు రెండింతలే, ఎత్తు రెట్టింపు చేస్తే ఎనిమిదింతలు. పాతబస్తీ ఇళ్ళలో షాబాద్ బండల కప్పును మోసే ఇనుప గర్డర్ కూడా ఇదే ఆకారం.

మరి మధ్య పలకను పూర్తిగా తీసేస్తే? పెళ్ళి పత్రికల కట్ట ఒకటి తీసుకుని రెండు చేతులతో వంచి చూడండి. పత్రికలు ఒకదానిమీద ఒకటి జారి, కట్ట కొసలు మెట్లు మెట్లుగా అవుతాయి. దూలం లోపల కూడా పొరలు ఇలాగే జారాలని చూస్తాయి. ఆ జారుడును ఆపేదే మధ్య పలక. నిండు కర్రకు ఇక్కడే బలహీనత. గొడ్డలి దెబ్బకు కట్టె పీచు వెంబడే ఎందుకు చీలుతుంది? ఆ దిశలో పట్టు తక్కువ కనుకే. కాబట్టి మధ్య పలకను ప్లైవుడ్‌లాంటి పొరల చెక్కతో చేస్తారు. అందులో ఒక పొర పీచు నిలువుగా ఉంటే పక్క పొరది అడ్డంగా ఉంటుంది, చీలిక పోదామన్నా దారి దొరకదు. అందుకే పలక సన్నగా ఉన్నా ఆ పని చేయగలుగుతుంది. నన్ను బాగా ఆకట్టుకున్నది ఈ పని పంపకమే. సాగుడు, నలుగుడు పొడవాటి పీచున్న పట్టీలకు. జారుడు అడ్డుపొరల పలకకు.

హెచ్ ట్వంటీ స్లాబు గట్టిపడేదాకా మోసే తాత్కాలిక ఆసరానే. ఇళ్ళలో శాశ్వతంగా ఉండిపోయే ఐ దూలాన్ని 1969లో అమెరికాలో, ఐడహో రాష్ట్రంలోని బోయిసీకి చెందిన ట్రస్ జాయిస్ట్ కంపెనీ తెచ్చింది. మొదట్లో పలక ప్లైవుడ్‌ది. తర్వాత చెక్క పేలికల్ని జిగురుతో అదిమి చేసిన పలక వచ్చింది, ఒక సెంటీమీటరు మందం చాలు. పేలికలకు లావు మాను అక్కర్లేదు. త్వరగా పెరిగే సన్న చెట్లు సరిపోతాయి. మన టింబర్ డిపోలో బల్లార్షా టేకు దుంగ ముందు నిలబడి ధర అడిగినవాళ్ళకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక నిండు దూలం వెనక దశాబ్దాలు పెరిగిన ఒక చెట్టు ఉంటుంది. పైగా నిండు కర్ర ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది. పొరలుగా అతికినదానికి ఆ గుణం బాగా తక్కువ.

దీనికి లోపాలూ ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది నిప్పు. లావు దూలం పైన బొగ్గు కట్టి, ఆ బొగ్గే లోపలి కర్రను కొంతసేపు కాపాడుతుంది. సెంటీమీటరు పలకకు ఆ అవకాశం ఏది? 2008లో అమెరికా భద్రతా పరీక్షల సంస్థ అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ చేసిన పరీక్షల్లో, కింద ఏ రక్షణా లేని నిండు దూలాల అంతస్తు సుమారు 18 నిమిషాలు నిలిస్తే, ఐ దూలాలది 6 నిమిషాలకే కూలింది. కింద జిప్సం సీలింగ్ వేస్తే పరిస్థితి చాలా మెరుగుపడింది. కాబట్టి సీలింగ్‌ను ఇక్కడ అలంకారం అనుకోకూడదు. మన ఊళ్ళో చెదల సమస్య ఎలాగూ ఉంది, మందు పట్టించకుండా ఏ చెక్కనూ నమ్మలేం. ప్లంబర్ పైపు కోసం మధ్య పలకలో, దూలం గోడ మీద ఆనే చోటుకు దూరంగా, కంపెనీ చెప్పిన కొలతలో రంధ్రం చేసుకోవచ్చు. పట్టీకి మాత్రం రంపం తగలకూడదు.

ఇవన్నీ చూసుకున్నాక కూడా, హైదరాబాద్‌లో దీనికి తగిన చోటు ఒకటి ఉందని నా నమ్మకం. పాత ఇంటి డాబా మీద పిల్లల కోసం ఇంకో గది వేద్దామనుకునే ఇళ్ళు గల్లీకి నాలుగైనా ఉంటాయి. కింది గోడలు మోస్తాయో లేదో అన్నదే అందరి టెన్షన్. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. ఐ దూలాలు, పైన ప్లై కలిపి 30 కిలోల లోపే.